బైపాస్ మీద రెండో బ్రేకు

నిదానం మాస్టారికి కుడి బూటు ఎడమ బూటు కంటే ముందు అరుగుతుంది. బూట్లు కుట్టే ఆయన ఏడాదికి రెండుసార్లు ఆ కుడి బూటును చేతిలోకి తీసుకుని, అడుగుభాగం తిప్పి చూసి, అదే మాట అంటాడు.

"మీరు నడిపేది లేదు, పక్కన కూర్చునేదే కదా మాస్టారూ. దీన్నెవరు నమిలేస్తున్నారు?"

మాస్టారు నవ్వి ఊరుకుంటాడు.

ఆయన డ్రైవింగ్ స్కూలంటే ఒక గది, దానికో షట్టరు. లోపల ఒక బల్ల, బల్ల మీద అద్దం కింద ట్రాఫిక్ గుర్తుల పటం, పటం మీద రెండు ఆటబొమ్మ కార్లు. ఎంత పెద్దవాళ్ళయినా మొదటి రోజు ఆ బొమ్మ కార్లతోనే రివర్సు నేర్చుకోవాలి. బయట నిలబడి ఉండే అసలు కారులో ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటాయి. అడుగున ఇనుప కడ్డీతో వీటిని డ్రైవరు పెడళ్ళకి కలిపారు. ఇటు తొక్కితే అటు కూడా దిగుతుంది.

ఇరవయ్యొక్కేళ్ళుగా మాస్టారి విద్యంతా ఆ రెండో బ్రేకులోనే ఉంది. నేర్చుకునే మనిషి కంగారుగా బ్రేకు మీద కాలేసి సగమే తొక్కుతాడు. మిగతా సగం మాస్టారు తొక్కుతాడు. అది ఎంత మెత్తగా జరుగుతుందంటే, పెడల్ దిగింది తన బలంతోనే అనుకుంటాడు ఆ మనిషి. కారు తోపుడుబండికి జానెడు దూరంలో ఆగుతుంది.

"చూశారా, మీరే ఆపారు. నిదానం, అంతే," అంటాడు మాస్టారు.

బిగుసుకున్న భుజాలు దిగుతాయి. మర్నాడు అదే మలుపులోకి ఆ మనిషి కాస్త ధైర్యంగా వస్తాడు. మాస్టారు దీన్ని అబద్ధం అనుకోలేదు. భయపడ్డ కాలు ఏదీ నేర్చుకోదు, ముందు భయం పోతే మిగతాది కాలే చూసుకుంటుంది అనుకున్నాడు. చాలామంది విషయంలో అలాగే జరిగింది కూడా. వాళ్ళు మార్కెట్టుకీ స్కూలుకీ నడుపుకునేవాళ్ళు, ముప్పై వేగం దాటనివాళ్ళు.

నాలుగేళ్ళ కిందట ఊరి పక్కనుంచి బైపాస్ పడింది. దానివల్ల అందరికంటే బాగుపడ్డది తనేనని మాస్టారు చెప్పుకునేవాడు. అంతకుముందు లారీలన్నీ మార్కెట్ రోడ్డు మీదనే పోయేవి. వాటి హారన్‌కి స్టీరింగ్ వదిలేసి చెవులు మూసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇప్పుడు ఊళ్ళో లారీ కనపడదు. యాభై ఏళ్ళు దాటినవాళ్ళు కూడా వచ్చి చేరుతున్నారు.

కానీ బైపాస్ ఎక్కించమని ఎవరైనా అడిగితే తల అడ్డంగా ఊపేవాడు.

"రైల్వే గేటు లేదు, గుంతల్లేవు, పావుగంటలో తేలిపోతారు, నిజమే. దిగే దారి ఒక్కటి తప్పారనుకోండి, తొమ్మిది కిలోమీటర్లు పోయి తిరగాలి. పంక్చరైతే నిలబడ్డానికి నీడుండదు. పొద్దున ఎండ సూటిగా కళ్ళల్లో కొడుతుంది. తిరిగొచ్చే ఓపిక లేక రాంగ్ సైడులో ఎదురొచ్చే మహానుభావుడు రోజుకొకడుంటాడు. ముందు ఊళ్ళో చెయ్యి తిరగనివ్వండి."

చెప్పినవన్నీ నిజాలే. చెప్పనిది ఇంకొకటి ఉంది. ఊళ్ళో ఆపడం వస్తే చాలు. బైపాస్ ఎక్కేచోట ఆపకూడదు, వచ్చే బళ్ళ వేగాన్ని అందుకుని వాటిలో కలిసిపోవాలి. అక్కడ మాస్టారి కుడికాలికి పనిలేదు.

అలాంటి మాస్టారి దగ్గరికి ఆయన సొంత అక్కే వచ్చి, బైపాస్ నేర్పమని కూర్చుంది.

అక్కకి యాభై అయిదేళ్ళు. పెద్దాసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్ళుగా మైక్రోస్కోపు ముందు పని. ఇన్నాళ్ళూ ఇంటికీ ఆసుపత్రికీ నడక దూరం. ఇప్పుడు ల్యాబుని పన్నెండు కిలోమీటర్ల అవతల, బైపాస్ పక్కన కట్టిన కొత్త బిల్డింగుకి మారుస్తున్నారు. పొద్దున ఏడింటికల్లా అక్కడుండాలి. అటు పోయే బస్సులు అక్కడ ఆగవు. ఆసుపత్రి వ్యాను ఎనిమిదిన్నరకి గాని కదలదు. పాత రోడ్డున పోతే రైల్వే గేటు దగ్గరే అరగంట పోతుంది. రాలేనివాళ్ళు పాత బిల్డింగులోనే ఉండిపోయే రికార్డుల గదిని అడగొచ్చని ఒక ఫారం ఇచ్చారు. దాంట్లో రెండు గళ్ళు. ఒకటి కొత్త ల్యాబు, ఒకటి రికార్డుల గది. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి నెలాఖరు శుక్రవారంలోగా ఇవ్వాలి.

"రిటైరవడానికి ఇంకా అయిదేళ్ళుందిరా," అంది అక్క. "అయిదేళ్ళు ఆ గదిలో ఫైళ్ళకి దుమ్ము దులుపుతూ కూర్చోమంటావా? నేర్పు."

చిన్న కారొకటి పాతది కొన్నారు. బావ ఇంట్లోనే మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడతాడు. చూపు మందగించింది కాబట్టి డ్రైవింగు ఆయనవల్ల కాదు. ఆ లోటు మాటల్లో తీర్చుకున్నాడు.

"ఏమయ్యా బావమరిదీ, మీ అక్కకి రోడ్డు కనపడ్డం తర్వాత. ముందు రోడ్డుకి మీ అక్క కనపడాలి," అన్నాడు. అని, రెండు దిళ్ళు కుట్టి ఇచ్చాడు. ఒకటి కిందకి, ఒకటి వీపుకి.

నలభై రోజులు మాస్టారు స్కూలు కారులోనే నేర్పాడు. అక్క రోజూ ఒక చిన్న నోటుబుక్కు తెచ్చుకునేది. పాఠం అయ్యాక కారులోనే కూర్చుని రాసుకునేది. ఇంజను ఆగినవి: మూడు. గేరు తప్పినవి: రెండు. బ్రేకు ఆలస్యం: సున్న.

"అదేంటే, రక్తపరీక్ష రిపోర్టులా?" అన్నాడు మాస్టారు.

"రాసిపెట్టనిది జరగనట్టేరా మా దగ్గర."

పదో రోజుకి ఇంజను ఆగడం ఒకటికి వచ్చింది. ఇరవయ్యో రోజుకి గేరు తప్పలేదు. బ్రేకు గడిలో మాత్రం మొదటి రోజు నుంచీ సున్నలే. అక్క ఆ వరస మీద వేలు పెట్టి చూపించేది. "బ్రేకు నాకు పుట్టుకతో వచ్చినట్టుంది. చిన్నప్పుడు నీ వెనకాల పరిగెత్తి నిన్ను ఆపి ఆపి అలవాటైంది." మాస్టారు అద్దం సర్దుకునేవాడు. వేరేవాళ్ళ దగ్గర రాని ఇబ్బంది ఆ నోటుబుక్కు చూసినప్పుడల్లా వచ్చేది. అక్క ముఖంలో ఆ వెలుగు చూసి మాట మింగేసేవాడు.

లైసెన్సు వచ్చింది. ఇక బైపాస్ ఒక్కటే మిగిలింది. నెలాఖరు వారం, సోమవారం మధ్యాహ్నం బయల్దేరారు. అలవాటైన కారని, పక్కన బ్రేకు ఉంటుందని, స్కూలు కారే తీశాడు మాస్టారు.

ఎక్కే దారి కొంచెం వాలుగా పైకి పోయి, ఎడమవైపు నుంచి బైపాస్‌లో కలుస్తుంది.

"మూడో గేరు. వేగం పెంచు. కుడి అద్దం చూడు," అన్నాడు.

"లారీ ఉంది. దూరం. నేను ముందు పోతున్నా."

అక్క కాలు యాక్సిలరేటరు మీద దిగింది. ఇంజను గొంతు మారింది. మాస్టారు తన కోసం పెట్టుకున్న చిన్న అద్దంలోకి చూశాడు. దాంట్లో లారీ ముందుభాగం అద్దమంతా నిండి ఉంది.

కుడికాలు దానంతటది వెళ్ళింది.

కారు ముక్కు కిందికి వంగింది. సరిగ్గా కలిసే చోట, సగం దారిలో సగం బయట, దాదాపు ఆగిపోయింది. వెనక హారన్ మొదలై ఆగకుండా పెరిగింది. లారీ కుడి లైనులోకి కోసుకుని పక్కనుంచి దూసుకుపోయింది. దాని గాలికి కారు ఊగింది. క్లీనరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఏదో అన్నాడు. ఏమన్నాడో వినపడకపోవడమే మేలు.

అక్క కారుని ముందుకు పోనిచ్చి, పక్కనున్న ఖాళీ పట్టీలోకి తీసుకెళ్ళి, తెల్లగీత దాటించి ఆపింది. నాలుగు లైట్లూ వెలిగించింది. హ్యాండ్ బ్రేకు లాగింది. అన్నీ వరసగా, చెప్పించుకోకుండా చేసింది. అప్పుడు అడిగింది.

"నా కాలు యాక్సిలరేటరు మీదుంది. కారెందుకు ఆగింది?"

మాస్టారు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"నేను తొక్కలేదురా."

"నేనే తొక్కాను."

"ఎందుకు?"

"లారీ దగ్గరికొచ్చేసింది అనిపించింది."

"దూరముందని నేను చెప్పాను కదా." ఆమె వంగి అతని కాళ్ళ దగ్గరికి చూసింది. ఎడమ సీటు ముందున్న పెడల్ రబ్బరు నున్నగా, గీతలు చెరిగిపోయి మెరుస్తోంది. డ్రైవరు వైపు బ్రేకు రబ్బరు మీద గీతలింకా ఉన్నాయి. చాలాసేపు ఆ రెంటినీ మార్చి మార్చి చూసింది. ముప్పై ఏళ్ళు స్లయిడ్లు చూసిన కళ్ళు అవి.

"ఇవాళ ఒక్కరోజేనా?"

"కాదు."

"ఎన్నిసార్లు?"

"లెక్క లేదక్కా. అందరికీ అంతే. భయం పోవాలని..."

అక్క పర్సులోంచి నోటుబుక్కు తీసింది. తెరవలేదు. ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ సున్నలన్నీ నీవన్నమాట," అంది. "పేషెంటు రక్తం బాగాలేదని, బాధపడతాడని, నా రక్తం చుక్క స్లయిడు మీద పెట్టి రిపోర్టు రాసిచ్చినట్టు చేశావురా."

ఇంటిదాకా ఆమే నడిపింది. దారంతా మాస్టారు మోకాళ్ళు రెండూ సీటు వైపుకి ముడుచుకుని కూర్చున్నాడు.

మర్నాడు బావ ఫోను చేసి రమ్మన్నాడు. అక్క డ్యూటీలో ఉంది. మిషను మీద నీలం నిక్కరు, పక్కన కుట్టిన నిక్కర్ల దొంతర. కత్తెర కింద ఆ ఫారం.

"రికార్డుల గదికే టిక్కు పెడతానంటోంది," అన్నాడు బావ. "రాత్రి నాతో మాట్లాడలేదు. అది మాట్లాడకపోవడం నేను ఇరవై ఎనిమిదేళ్ళలో రెండుసార్లే చూశాను. ఒకసారి మా పెళ్ళిచూపుల్లో."

మాస్టారు నవ్వలేకపోయాడు. "నీకు చెప్పిందా బావా?"

"చెప్పింది." బావ దారం కొరికాడు. "నేనూ చేస్తానయ్యా ఆ పని. ఏడాది తిరిగేసరికి చొక్కా కుట్టించుకునే మనిషి లావైతే, లావయ్యారండీ అని మొహం మీద చెప్పను. అరంగుళం వదిలి కుడతాను. హాయిగా వేసుకుపోతాడు. కానీ అది చొక్కా. మహా అయితే గుండీ ఊడుతుంది."

నిక్కరు తిప్పి రెండో కుట్టు మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం పాఠానికి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. పన్నెండో రోజు. నాలుగు వీధులు, ఒక మార్కెట్టు. మాస్టారు జేబులో గుప్పెడు గుండుసూదులున్నట్టు కూర్చున్నాడు. తన కాలు కదిలినప్పుడల్లా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. మలుపులో ఒకటి. ఆటో అడ్డం వస్తే ఒకటి. ఖాళీ రోడ్డు మీద కూడా ఒకటి, ఎందుకో తనకే తెలియలేదు. కాలుని ఆపుకుందామని అనుకున్నప్పుడు కూడా అది ముందే వెళ్ళిపోయింది. గంట పూర్తయ్యేసరికి ఇరవై ఏడు.

"ఇవాళ బాగా చేశాను కదండీ?" అన్నాడు బ్యాంకాయన దిగుతూ.

మాస్టారు, "రేపు కలుద్దాం," అని మాత్రం అన్నాడు.

గురువారం మధ్యాహ్నం అక్క డ్యూటీ దిగే వేళకి వాళ్ళింటి ముందు నిలబడ్డాడు. ఆమె చూసి కూడా చూడనట్టు గేటు తీసింది.

"ఇరవై ఏడు," అన్నాడు వెనకనుంచి.

ఆగింది.

"ఒక గంటలో ఇరవై ఏడుసార్లు తొక్కాను. మొన్న ఒకాయన పాఠంలో లెక్కపెట్టాను. నీకు ఇంకొంచెం తక్కువే అయ్యుంటుంది. ఖచ్చితంగా చెప్పలేను."

అక్క ఆ అంకెను కాసేపు లోపలే తూచింది. "అందులో అవసరమైనవి ఎన్ని?"

"పది. పన్నెండు."

"మరి సోమవారంది?"

ఈ ప్రశ్నకి మాస్టారు మూడు రోజులుగా జవాబు వెతుక్కుంటున్నాడు. "అవసరం లేదు. నువ్వు చూసిందే కరెక్టు. నా అద్దంలో దగ్గరగా కనపడింది. నేను తొక్కకపోతే నువ్వు హాయిగా ముందు పోయేదానివి. మనల్ని లారీ కింద పెట్టబోయింది నా కాలు."

బావ లోపల మిషను ఆపేసిన సంగతి ఇద్దరికీ తెలిసింది.

"నీ కారు తియ్యి అక్కా," అన్నాడు మాస్టారు. "దాంట్లో రెండో బ్రేకు లేదు. నేను వెనక సీట్లో కూర్చుంటాను. అడిగితేనే మాట్లాడతాను. రేపు ఆ ఫారం నీ ఇష్టం వచ్చినట్టు నింపు. కానీ నీకు రాదనుకుని నింపకు. ఎంత వచ్చో నాకూ తెలీదు, నీకూ తెలీదు."

"వెనక కూర్చుని వాంతి చేసుకుంటావు. చిన్నప్పట్నుంచీ అంతేగా."

"కిటికీ తెరుస్తాను."

దిళ్ళు రెండూ బావే తెచ్చి సీట్లో సర్దాడు. తను రానన్నాడు. ఆర్డరు ఉందన్నాడు.

ఊళ్ళోనే తేడా తెలిసింది. మార్కెట్ మలుపులో అక్క తొక్కిన బ్రేకు చాల్లేదు. కారు ఒక అరటిపళ్ళ బండికి బెత్తెడు దూరంలో కీచుమని ఆగింది. బండివాడు చేతులెత్తి దండం పెట్టాడు. వెనక సీట్లో మాస్టారి బూటు నేలచాపని అణిచింది. అక్కడ పెడల్ లేదు కాబట్టి ఏమీ జరగలేదు. నోరు తెరిచి మళ్ళీ మూశాడు. తర్వాతి మలుపుకి ఆమె ఇంకాస్త ముందే తొక్కింది. ఆ తర్వాతది సరిపోయింది. నలభై రోజుల్లో నేర్పనిది మూడు మలుపులు నేర్పాయి.

ఎక్కే దారి వచ్చింది. అక్క భుజాలు బిగుసుకున్నాయి. మాస్టారికి ఆమె మెడ వెనక భాగం, అద్దంలో కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. మూడో గేరు. యాభై. అరవై. కుడి అద్దంలోకి ఒకసారి, ముందుకి ఒకసారి, మళ్ళీ అద్దంలోకి. వెనకనుంచి ఒక ట్యాంకరు వస్తోంది.

"దాని ముందా, వెనకా?" అంది.

అడిగింది కాబట్టి మాస్టారు తిరిగి చూశాడు. నిజంగా చూశాడు. ట్యాంకరు దగ్గరగా ఉంది.

"నువ్వేమంటావు?"

"వెనక."

"నేనూ అదే అంటాను."

ఆమె కాలు కొంచెం వదిలింది. బ్రేకు తొక్కలేదు. ట్యాంకరు దాటింది. దాని వెనకున్న ఖాళీలోకి కారు చేరింది. కొంచెం వంకరగానే చేరింది, గీత మీద కాసేపు నడిచింది, తర్వాత సర్దుకుంది. రోడ్డు నున్నగా, నిటారుగా, రెండు పక్కలా ఏమీ లేకుండా ముందుకి పోతోంది. చక్రాల చప్పుడు ఒకేలా ఉంది. అక్క ఊపిరి వదలడం మాస్టారికి వినపడింది.

"గతుకు కూడా లేదేంట్రా. మన రోడ్డు మీద ఇన్నేళ్ళు వెన్నెముక అరగదీసుకున్నాం."

"మాట్లాడకు. నడుపు."

"నువ్వే మాట్లాడుతున్నావు."

కొత్త ఆసుపత్రి బిల్డింగు ఎడమవైపు తెల్లగా కనపడింది. అక్క దాన్ని చూస్తూ, దాని అంతస్తులు లెక్కపెడుతూ, దిగే దారిని దాటేసింది. బోర్డు వెనక్కి పోయాక ఇద్దరికీ అర్థమైంది.

"చెప్పొచ్చు కదరా."

"అడిగితేనే మాట్లాడతానన్నాను."

ఆమె నవ్వింది. సోమవారం తర్వాత అదే మొదటి నవ్వు. తొమ్మిది కిలోమీటర్లు పోయి తిరిగి వచ్చారు. ఆ దూరమంతా మంచి అభ్యాసమే అయింది. ఇంటికొచ్చాక ఆమె నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, పాత పేజీలన్నిటి మీదా అడ్డంగా ఒక గీత కొట్టి, రాసింది. బ్రేకు ఆలస్యం: నాలుగు. దారి తప్పినది: ఒకటి. అది మాస్టారికి చూపించి, ఫారం కత్తెర కిందనుంచి లాగి, కొత్త ల్యాబు గడిలో టిక్కు పెట్టింది.

తర్వాత పది రోజులూ తన కారులోనే తిరిగింది. పొద్దున ఎండకోసం బావ నల్ల కళ్ళద్దాలు కొన్నాడు. అవి పెట్టుకుంటే అక్క బ్యాంకుని దోచేదానిలా ఉందని అన్నాడు.

కొత్త ల్యాబు తెరిచిన రోజు ఆమె ఒక్కతే వెళ్ళింది. ఆరుంపావుకి బయల్దేరింది. నడిపేటప్పుడు ఫోను ముట్టకూడదని నేర్పింది మాస్టారే కాబట్టి చెయ్యలేకపోయాడు. ఆరున్నర పాఠానికి బ్యాంకాయన వచ్చాడు. షట్టరు దించి, ఎడమ సీట్లో కూర్చున్నాడు మాస్టారు.

మార్కెట్ మలుపులో పాల వ్యాను వెనక్కి వస్తోంది. బ్యాంకాయన కాలు బ్రేకు మీద వేశాడు, సగమే తొక్కాడు. ఇది అవసరమైన ఆ పన్నెండులోదేనని మాస్టారికి తెలుసు. తొక్కాడు. కారు ఆగింది.

"హమ్మయ్య, ఆపేశాను," అన్నాడు బ్యాంకాయన.

"మీరు కాదండీ," అన్నాడు మాస్టారు. "ఆపింది నేను. మీరు సగం తొక్కారు."

బ్యాంకాయన ముఖం చిన్నబోయింది. కిందకి, రెండో బ్రేకు వైపు చూశాడు. "ఇన్నాళ్ళూ...?"

"చాలాసార్లు. ఇకనుంచి తొక్కినప్పుడల్లా చెప్తాను. వెనక్కి తియ్యండి, మళ్ళీ వద్దాం."

వెనక్కి తీశాడు. రెండోసారి బ్రేకు మరీ గట్టిగా తొక్కాడు. ఇద్దరి తలలూ ముందుకి ఊగాయి. మాస్టారు కాలు నేల మీదే ఉంది.

ఏడు కావస్తుండగా ఫోను మోగి ఆగింది. తర్వాత మెసేజి వచ్చింది. "చేరాను. ట్యాంకరు ముందే పోయాను. దిగే దారి మళ్ళీ తప్పాను. అయినా ఏడుకి అయిదు నిమిషాలుంది."

మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. పక్కన బ్యాంకాయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు మాస్టారు.